అవసరం లే

మీనాంబకు గడియారం చూడడం రాదు. తమిళం మాట్లాడుతుంది గాని చదవలేదు, తెలుగులో సంతకం మాత్రం కూడబలుక్కుని చేస్తుంది. అయితేనేం, ఎండబోసిన వడ్ల మీద ఒక్కసారి అడుగు పెట్టిందంటే అవి ఇంకెంతసేపు ఎండాలో చెప్పేస్తుంది. తేమ కొలిచే మిషను ఒకటి జనార్ధనం శెట్టి మద్రాసు నుంచి తెప్పించాడు. రెండు నెలలు ఆ మిషనుకూ ఈమె కాళ్ళకూ పోటీ పెట్టి చూశాడు. చివరికి మిషనును బీరువాలో పెట్టి తాళం వేశాడు.

శెట్టిది తిరువళ్ళూరులో రైలు కట్ట పక్కన ఉప్పుడు బియ్యం మిల్లు. వడ్లను సిమెంటు తొట్లలో నానబెట్టి, ఆవిరి పట్టి, కళ్ళంలో ఎండబెట్టి, ఆ తర్వాత మిషను ఆడిస్తారు. ఆవిరి పట్టేది బాయిలరు షణ్ముగం. మిషను ఆడించేది రత్నస్వామి. నడుమ ఎండబెట్టే పని తొమ్మిది మంది ఆడవాళ్ళది, వాళ్ళకు పెద్ద మీనాంబ. పొగలు కక్కే వడ్లను గంపలతో తెచ్చి పరచడం, గంటకోసారి బారులు తీరి కాళ్ళతో చాళ్ళు లాగుతూ తిప్పడం, సరిగ్గా ఎండగానే కుప్ప చేసి కప్పడం, ఇంతే పని. ఇంతే అంటాం గాని, అరగంట ముందు ఎత్తితే బియ్యం వాసన వస్తుంది, అరగంట వెనక ఎత్తితే మిషనులో పడి నూకలవుతుంది. ఆ అరగంట ఎప్పుడన్నది మీనాంబ అరికాలికి తెలుసు. ఇరవై ఏళ్ళు ఆ సిమెంటు మీద కాలి కాలి చెప్పుల తోలుకంటే మందమైపోయిన అరికాలు అది.

ఆమె పుట్టింది తిరుత్తణి అవతల, ఆంధ్రా హద్దుకు ఆనుకున్న పల్లెలో. పెళ్ళయిన ఇంట మూడెకరాల చేను, ఒక బావి. బావి ఎండింది, చేను చేయిజారింది, మొగుడు జయరామతో కలిసి రైలెక్కి తిరువళ్ళూరులో దిగింది. జయరామ మిల్లులో మూటలు మోసేవాడు. ఒకనాడు మూట మీదపడి నడుం దెబ్బతింది, అప్పటినుంచి ఇంటి అరుగు మీద కూర్చుని చీపుర్లు కడుతున్నాడు. ఇల్లంటే సొంతిల్లు కాదు, మిల్లు వెనక లైనులో ఒక గది. ఇంట్లో ఒకరికైనా మిల్లులో పని ఉన్నన్నాళ్ళే ఆ గది. అంటే ఆమె కాళ్ళు కళ్ళంలో ఆడినంత కాలమే ఆ నడుం పడిపోయిన మనిషి తల మీద కప్పు. మిగతా ఎనిమిది మంది బతుకూ ఇంచుమించు అంతే.

ఆ మిల్లులో ఒక పద్ధతి ఉండేది. బాయిలరు దగ్గర ఇనుప గొలుసుకు ఒక రైలు పట్టా ముక్క వేలాడేది. తొట్టి తెరిచే ముందు షణ్ముగం దాన్ని మూడుసార్లు కొట్టేవాడు, ఆడవాళ్ళు గంపలతో పరిగెత్తుకొచ్చేవాళ్ళు. మబ్బు పడితే ముందు చూసినవాళ్ళు గణగణా ఆపకుండా కొట్టేవాళ్ళు. అప్పుడు షణ్ముగమూ రత్నస్వామీ అందరూ చేతిలో పని వదిలేసి కళ్ళంలోకి దూకేవాళ్ళు. ఎవరినీ అడగనక్కర్లేదు, ఎవరూ చెప్పనక్కర్లేదు. షణ్ముగం తమిళంలో అరిచేవాడు, మీనాంబ తెలుగులో కసిరేది, వాన చినుకు పడేలోపల వడ్లు టార్పాలిన్ కిందికి పోయేవి.

అలాంటి చోటికి డెబ్బై నాలుగులో గుర్నాథం మేస్త్రీగా వచ్చాడు. శెట్టికి దూరపు బంధువు, మామా అని పిలిచే వరస. చెడ్డవాడా అంటే, తాగడు, దొంగిలించడు, ఆడవాళ్ళతో వెకిలిగా మాట్లాడడు. అదే కదా మంట! దొంగైతే ఏదో ఒకరోజు దొరికిపోయేవాడు. ఇతను చేసిన దానికి పేరు కూడా లేదు, పట్టుకోవడమెలా? వచ్చిన వారానికే ఆ రైలు పట్టా ముక్కను దించేయించాడు. ఇది గుడా మిల్లా, ఈ గంటలేమిటి, ఏదున్నా నాకు చెప్పండి, నేను అందరికీ చెబుతాను అన్నాడు. అంతటితో బాయిలరుకూ కళ్ళానికీ, కళ్ళానికీ మిషనుకూ నడుమ మాట అన్నది లేకుండా పోయింది. గుమ్మం దగ్గర ఒక ముక్కాలి పీట వేసుకుని తను కూర్చున్నాడు.

సరే, కూర్చున్నాడు. మరి అడిగినదానికి జవాబు చెప్పాలా వద్దా? ఎవరు ఏమడిగినా అతని దగ్గర ఒకటే జవాబు.

"అవసరం లే."

ఈ మాట సంగతి తెలియాలంటే ఆ పక్కవాళ్ళ తెలుగు తెలియాలి. అవసరం లేదంటే మనకు అక్కర్లేదని అర్థం. తమిళంలో అవసరం అంటే తొందర. అవసరమిల్లె అంటే తొందరేం లేదు, నిదానంగా కానీ అని. తిరువళ్ళూరు, తిరుత్తణి పక్క తెలుగువాళ్ళ నోట్లో ఈ రెండూ కలిసిపోయాయి. 'అవసరంగా పోతా ఉండా' అని బస్సు వెనక పరిగెత్తేవాళ్ళూ వాళ్ళే, 'నాకు అవసరం లే' అని విస్తరి ముందు చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళూ వాళ్ళే. మామూలుగా అయితే మొహం చూసి, సందర్భం చూసి ఏ అర్థమో పట్టుకుంటారు, తకరారు రాదు. గుర్నాథం మొహం చూస్తే మాత్రం ఏమీ తెలిసేది కాదు. ఆ మాట అనేటప్పుడు అతను ఎప్పుడూ వేరే వైపు చూసేవాడు.

ఒకసారి ఆవిరి గొట్టం అతుకు దగ్గర బుసకొడుతోంది, మంట ఆపి అతికించనా అని షణ్ముగం అడిగాడు. అవసరం లే అన్నాడు. అక్కర్లేదన్నాడు కదా అని షణ్ముగం ఊరుకున్నాడు. నాలుగో రోజు గొట్టం పగిలి ఒక పూట మిల్లు ఆగింది. శెట్టి నిలదీస్తే, తొందర లేదన్నానే గాని చెయ్యొద్దన్నానా, నాలుగు రోజుల్లో వీడికి తీరిక దొరకలేదా అని గుర్నాథం చేతులు దులిపేసుకున్నాడు. మరోసారి మిషను బెల్టు పిగులుతోందని రత్నస్వామి వచ్చి అడిగాడు, అదే జవాబు. షణ్ముగానికి పడిన చీవాట్లు గుర్తుండి, అతను మధ్యాహ్నం తీరిగ్గా బెల్టు మార్చాడు. అక్కర్లేదని చెప్పినాక ఎవర్నడిగి మిషను ఆపావని అతనికీ చీవాట్లే. చేసినవాడిదీ తప్పే, చేయనివాడిదీ తప్పే, గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్నవాడిది మాత్రం ఎన్నడూ తప్పు కాదు. ఇదెక్కడి న్యాయం?

అది చాలదన్నట్టు మాటలు మోయడం ఒకటి. నీ ఉడుకు సరిగ్గా లేదని మీనాంబ అంటోందని షణ్ముగం చెవిన వేసేవాడు. కళ్ళంవాళ్ళు ఒళ్ళు వంచని ఉత్త సోంబేర్లని షణ్ముగం అన్నాడని మీనాంబ చెవిన వేసేవాడు. ఆమె అలా అనలేదు, అతనూ అనలేదు. నేరుగా వెళ్ళి అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కానీ అడగనిస్తేనా? పదేళ్ళు అక్కా, తంబీ అని పిలుచుకున్న ఇద్దరు మూడేళ్ళపాటు మొహమొహాలు చూసుకోలేదు. అందరూ పొద్దున్నే రావడం, చెప్పింది చేయడం, చెప్పనిది కళ్ళముందు పాడవుతున్నా తాకకుండా ఇళ్ళకు పోవడం నేర్చుకున్నారు. బియ్యంలో నూకలు పెరిగాయి. ఎందుకు పెరిగాయో శెట్టికి బోధపడలేదు. ఆయన గుర్నాథాన్ని తప్ప ఇంకెవరినీ అడగలేదు మరి.

ఇక డెబ్బై ఎనిమిది ఆడి నెల, తమిళుల ఆషాఢం. కృత్తికకు తిరుత్తణి కొండకు కావళ్ళు ఎత్తుకొచ్చే జనానికి అక్కడి శెట్ల సత్రంలో అన్నదానం జరుగుతుంది. ఆ ఏడు బియ్యం తను పంపిస్తానని జనార్ధనం శెట్టి నలుగురిలో మాట ఇచ్చాడు. ఇంకా తొమ్మిది రోజులుంది. సత్రానికి పోవాల్సిన నలభై మూటల వడ్లు కళ్ళంలో ఎండుతున్నాయి. మధ్యాహ్నం అరక్కోణం బండి వెళ్ళాక గాలి తిరిగింది. మీనాంబ ముందు వడ్ల మీద అడుగు వేసి చూసింది. ముప్పాతిక ఎండాయి, ఇప్పుడు కుప్ప చేసి కప్పితే రేపటి ఎండతో సరిపోతుంది. అప్పుడు తల ఎత్తింది. తిరుత్తణి దిక్కున నల్లగా కమ్ముకొస్తోంది.

నెల కిందట ఇలాగే మబ్బు చూసి వడ్లు ఎత్తేశారు. వాన రాలేదు. అడక్కుండా ఎందుకు ఎత్తారని గుర్నాథం తొమ్మిది మందినీ ఎండలో నిలబెట్టి కేకలేశాడు, ఇంకోసారి ఇలా చేస్తే శెట్టితో చెప్పి లైను ఖాళీ చేయిస్తానన్నాడు. అందుకని ఈసారి మీనాంబ గుమ్మం దగ్గరికి వెళ్ళి అడిగింది.

"మోడం కమ్ముతా ఉండాది మేస్త్రీ. ఎత్తేద్దామా?"

గుర్నాథం ఆకాశం వైపు చూడలేదు, ఆమె వైపూ చూడలేదు. "అవసరం లే," అన్నాడు.

ఎత్తాల్నా వద్దా అని ఆమె మళ్ళీ అడిగింది. ఒకసారి చెప్తే తెలీదా అంటూ అతను లేచి గోడౌన్లోకి వెళ్ళిపోయాడు. మీనాంబ వెనక్కి వచ్చి కళ్ళం అంచున కూలబడింది. ఏమైతే అదవుతుంది, ఎత్తేద్దాం అక్కా అంది పక్కనున్న తాయమ్మ. మీనాంబకు లైనులో గది గుర్తొచ్చింది, అరుగు మీద చీపుర్లు కట్టుకునే మొగుడు గుర్తొచ్చాడు. వద్దన్నాడు కదా తాయమ్మా, అంది. ఇరవై ఏళ్ళలో ఆమె తన అరికాలి మాట వినకపోవడం అదే మొదటిసారి.

అరగంటలో వాన విరుచుకుపడింది. అప్పుడు ఎవరి మాటా లేకుండానే తొమ్మిది మందీ కళ్ళంలోకి దూకారు. ఎత్తినంత ఎత్తారు, మిగతావి కాలవలోకి కొట్టుకుపోతుంటే చీర కొంగులు అడ్డం పెట్టారు. బాయిలరు గుమ్మంలో నిలబడి షణ్ముగం చూశాడు, కదల్లేదు. రత్నస్వామి చూశాడు, కదల్లేదు. మునుపైతే వాళ్ళిద్దరే ముందు దూకి ఉండేవాళ్ళు. పిలిచే ఇనుము గోడౌన్లో ఒక మూల తుప్పు పట్టి పడి ఉంది.

సాయంత్రం శెట్టి వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. సగానికి పైగా వడ్లు తడిసి ముద్దయ్యాయి, కొన్ని కాలవపాలయ్యాయి. గుర్నాథం తడుముకోకుండా చెప్పాడు. తొందర లేదు, నిదానంగా ఎత్తండి అని చెప్పానట, వీళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకున్నారట. మీనాంబకు అరికాలి మంట నెత్తికెక్కింది. వద్దన్నాడయ్యా, అంది. ఆ మాట నేను అనలేదు, దేవుడి తోడు, అన్నాడు గుర్నాథం. నిజమే, వద్దు అన్న మాట అతను అనలేదు. దేవుడి మీద ఒట్టు పెట్టి, నిజం మాటతోనే ఇంత పచ్చి అబద్ధం ఆడిన మనిషి ఎక్కడైనా ఉంటాడా!

శెట్టికి వినే ఓపిక లేదు. శోళవరం నుంచి వేరే మనుషుల్ని పిలిపిస్తానన్నాడు. ఇరవై ఏళ్ళు తన కళ్ళంలో కాళ్ళు కాల్చుకున్న మనిషిని, అసలు ఏం జరిగిందని ఒక్క ప్రశ్న అడగలేదు. పోతూ పోతూ గేటు దగ్గర వెనక్కి తిరిగి, "రేపట్నించి మీరు అవసరం లే," అన్నాడు.

తాయమ్మా వాళ్ళు ఏడుస్తూ లైనులోకి నడిచారు. మీనాంబ ఏడవలేదు. ఇంటికొచ్చి జరిగిందంతా జయరామకు చెప్పింది. అతను చేతిలో చీపురు పక్కన పెట్టి, శెట్టి ఏమన్నాడో ఆ మాటే ఉన్నదున్నట్టు చెప్పు అన్నాడు. చెప్పింది. చెప్పి ఆగిపోయింది. ఇంకోసారి మెల్లగా తనలో తాను అనుకుంది. తర్వాత లేచి ఎనిమిది ఇళ్ళకూ వెళ్ళి, రేపు ఎవరూ తొందరపడి లేవొద్దు, వండుకుని తిని, తొమ్మిది గంటల ఆవడి బండి పోయినాక మిల్లుకు పోదాం అని చెప్పి వచ్చింది.

రోజూ తెల్లవారకముందే కళ్ళంలో ఉండే తొమ్మిది మంది, మర్నాడు తలలు దువ్వుకుని, ఆకూ వక్కా వేసుకుని, ఎండెక్కాక తాపీగా గేట్లోంచి నడిచొచ్చారు. శెట్టి అప్పుడే బండి దిగుతున్నాడు. పక్కన గుర్నాథం. వీళ్ళను చూసి శెట్టి మండిపడ్డాడు. రావద్దని చెప్పినాను గదా అన్నాడు.

"రావద్దని మీరు అన్లేదయ్యా," అంది మీనాంబ. "అవసరం లే అన్నారు. తొందర లేదన్నారు గదా అని నిదానంగా తినేసి వచ్చినాము."

"అవసరం లేదంటే అక్కర్లేదని. తెలుగు తెలీదా నీకు?"

"తెలుసయ్యా. నిన్న మేస్త్రీ చెప్పిందీ ఆ మాటే. మోడం పట్టింది, ఎత్తేద్దామా అంటే అవసరం లే అన్నాడు. ఆ మాట మీ నోట్లో ఒకటి, ఆయన నోట్లో ఇంకొకటి ఎట్లవుతుంది? ఆయన చెప్పింది తొందర లేదనే అయితే, మీరు చెప్పిందీ అదే, మేము పనిలోకి పోతాము. మీరు చెప్పింది అక్కర్లేదనే అయితే, నిన్న వడ్లు ఎత్తక్కర్లేదని చెప్పింది ఆయన. రెంట్లో ఏదో ఒకటి చెప్పండి."

శెట్టి గుర్నాథం వైపు తిరిగాడు. ఈలోపల కేకలు విని బాయిలరు దగ్గరినుంచి షణ్ముగం వచ్చాడు. ఆవిరి గొట్టం అప్పుడు నాకూ ఇదే మాట చెప్పాడు మొదలాళీ అని తమిళంలో గట్టిగా అన్నాడు. నా బెల్టుకూ అంతే, అన్నాడు వెనకే వచ్చిన రత్నస్వామి. మూడేళ్ళకు మొదటిసారి మీనాంబ షణ్ముగం మొహంలోకి చూసి, మేము సోంబేర్లమని నువ్వు అన్నావా తంబీ అని అడిగింది. అతను బిత్తరపోయాడు. నేనెప్పుడన్నాను, నా ఉడుకు బాగాలేదని నువ్వే అన్నావట గదా అక్కా అన్నాడు. ఇద్దరూ ఒకేసారి గుర్నాథం వైపు చూశారు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఆ ఒక్క నిమిషం దొరక్క మూడేళ్ళు ఒకరి మీద ఒకరు పళ్ళు నూరుకున్నారు.

"నిన్న నువ్వు ఎత్తమన్నావా, వద్దన్నావా?" అని శెట్టి గుర్నాథాన్ని అడిగాడు.

"ఏమని చెప్పేది మామా," అన్నాడు గుర్నాథం నేల చూపులు చూస్తూ. "ఎత్తమన్నాక ఎండ కాస్తే? వద్దన్నాక వాన కురిస్తే? యాడ చూసినా తప్పు నా మీదికే గదా వచ్చేది."

అదీ సంగతి. తన మీదికి ఒక తప్పు రాకూడదని తొమ్మిది కుటుంబాలు వీధిన పడినా ఫరవాలేదనుకున్నాడు పెద్దమనిషి! జీతం తీసుకునేది చెప్పడానికి, భయపడేది చెప్పడానికి. అంత భయమైతే ఆ పీట మీద ఎందుకు కూర్చోవాలి? దిగి గంప పట్టుకోవచ్చు కదా?

శెట్టి తప్పయిందని అనలేదు, అలాంటివాళ్ళకు ఆ మాట అంత తేలిగ్గా రాదు. సరే సరే, పోయి పని చూడండి, అన్నాడు. మీనాంబ కదల్లేదు. రైలు పట్టా ముక్క మళ్ళీ వేలాడాలి అంది. ఇక మీద ఈ మిల్లులో ఎవరూ ఆ మాట అనకూడదు, ఎత్తండి అనో, వద్దు అనో, మెల్లగా కానీండి అనో నోరు తెరిచి చెప్పాలి అంది. శెట్టి తల ఊపి ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయాడు. షణ్ముగం ఎవరూ చెప్పకుండానే గోడౌన్లోకి వెళ్ళి ఆ ఇనుప ముక్కను భుజాన వేసుకొచ్చి, తుప్పు రాల్చి, పాత గొలుసుకే తగిలించాడు. తడిసిన వడ్లకు మళ్ళీ ఆవిరి పట్టాడు. కొత్తగా ముప్పై మూటలు నానబోశాడు. మూడు దెబ్బలు వినబడ్డాయి. తొమ్మిది మంది గంపలతో పరిగెత్తారు.

సత్రానికి బియ్యం కృత్తికకు రెండు రోజుల ముందే చేరింది. మీనాంబ ఆ కళ్ళంలో ఇంకా ఎనిమిదేళ్ళు పనిచేసింది, లైనులో గది ఎవరూ ఖాళీ చేయించలేదు. గుర్నాథాన్నీ శెట్టి తీసేయలేదు. చెప్పుకోవాల్సింది ఇంకొక్కటే, అది ఆ గొడవ జరిగిన నాలుగో రోజు సంగతి. ఆ మధ్యాహ్నం మళ్ళీ తిరుత్తణి దిక్కున మబ్బు కమ్మింది. కొత్త వడ్లు కళ్ళంలో ఉన్నాయి. మీనాంబ గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఎత్తాల్నా వద్దా మేస్త్రీ, అంది. షణ్ముగం ఇనుము పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. రత్నస్వామి మిషను ఆపి తొంగిచూశాడు. గుర్నాథం ఆకాశం వైపు చూశాడు, శెట్టి గది వైపు చూశాడు, చొక్కా అంచుతో మెడ తుడుచుకున్నాడు.

"ఎత్తండి," అన్నాడు.

ఇనుము గణగణా మోగింది. అందరూ దూకి, ఇరవై నిమిషాల్లో వడ్లు కుప్ప చేసి కప్పేశారు. ఆ తర్వాత మబ్బు ఎటో పక్కకు తేలిపోయింది. ఒక్క చినుకు రాలలేదు. ఎండ మళ్ళీ పెళపెళా కాసింది, ఒక పూట ఎండ వృథాగా పోయింది. గుర్నాథం మొహం పాలిపోయింది. తిట్లకోసం ఎదురుచూస్తూ కళ్ళం నడుమ అలాగే నిలబడిపోయాడు. నాలుగేళ్ళు అతను దేనికి వణికిపోయాడో అదే జరిగింది.

మీనాంబ టార్పాలిన్ ఒక కొస పట్టుకుని లాగుతూ అతని వైపు చూసింది. నెల కిందట ఇలాంటి తప్పుకే తమను ఎండలో నిలబెట్టిన మనిషి. అనాలనుకుంటే చాలా అనొచ్చు.

"వాన రాకుంటే పోనీలే మేస్త్రీ," అంది. "మళ్ళా పరుస్తాము. ఆ కొస పట్టుకో."

గుర్నాథం వంగి రెండో కొస పట్టుకున్నాడు.